అమ్మ కంటికి పూలు వేసి అడిగినప్పుడు

మా ఇంట్లో ఇద్దరు మంత్రగత్తెలు. ఒకామె మా అమ్మ, డెబ్భై నాలుగేళ్ళు. ఇంకొకతె నా కూతురు, ఇరవై. ఆ ఇద్దరి మధ్యలో నేను, మద్రాసు చింతాద్రిపేటలో బడిపిల్లలకు తెలుగు చెప్పే టీచర్ని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా వీధిలో కూరలమ్మే ఆమెకు కూడా తెలుసు. వాళ్ళిద్దరితో ఒక్క వారం కాపురం చేసి చూస్తే తెలుస్తుంది, ఆ కోపం ఎక్కణ్ణించి వచ్చిందో.

మంత్రగత్తె అన్నది నేను పెట్టిన పేరు కాదు. నా కూతురే గొప్పగా చెప్పుకుంది. కాలేజీకి పోయే రైల్లో ఫోను చూసీ చూసీ ఏదో పట్టుకొచ్చింది. విక్కా అట. పడమటి దేశాల్లో కొంతమంది పాటించే మతమట. తమని తాము మంత్రగత్తెలమని చెప్పుకుంటారు గానీ ఎవరికీ కీడు చెయ్యరట. చంద్రుడికి దణ్ణం పెట్టుకుంటారు, కొవ్వొత్తులు వెలిగిస్తారు, చెట్టుకీ చేమకీ మొక్కుతారు. ప్రతి పువ్వుకీ ఒక శక్తీ ఒక అర్థమూ ఉంటాయట. "పున్నమి చంద్రుడికి దణ్ణం పెట్టడానికి అంత దూరం పోవాలా, మన మేడ మీదికి పోతే చాలదా?" అన్నాను. "నీకు అర్థం కాదులేమ్మా" అంది. ఆ ఒక్క మాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

అమ్మకు మాత్రం మనవరాలు చెప్పేవన్నీ తెగ నచ్చేవి. ఎందుకంటే అమ్మ నలభై ఏళ్ళు పూలమ్మింది. మా వీధి మొదట్లో అమ్మవారి గుడి ఉంది. ఆ గుడి గోడకు ఆనుకుని ఒక పీట, ఒక తట్ట, ఒక తడిగోనె, అదీ మా అమ్మ అంగడి. తెల్లారేసరికి కోయంబేడు మార్కెట్టు నుంచి పూలు తెచ్చుకునేది, పొద్దెక్కేసరికి కట్టిపడేసేది. మూర కొలిచేటప్పుడు చెయ్యి బారుగా చాచి, ఆఖర్న రెండు వేళ్ళంత కొసరు వదిలేది. నన్ను చదివించింది ఆ మూరలే.

సాయంత్రాలు వాళ్ళిద్దరూ వాకిట్లో కూర్చునేవాళ్ళు. చిన్నది ఫోను చూసి చదివేది, పెద్దది తీర్పు చెప్పేది.

"అవ్వా, బంతిపూలు దండ కట్టి గుమ్మానికి వేలాడేస్తే చెడ్డది లోపలికి రాదంట. విక్కాలో రాసుంది."

"దీనికి ఫోనెందుకే? మా అత్త కట్టలా? ఆయమ్మకు చదువే రాదు."

"సరే, మల్లెపువ్వు. చంద్రుడి పువ్వంట. ప్రేమ, మంచి కలలు."

"మల్లెపువ్వా? శనివారం సాయంత్రం ఒక మొగోడు వచ్చి అడక్కుండానే రెండు మూరలు కొన్నాడంటే, శుక్రవారం ఇంట్లో గట్టిగా అరిచినాడని అర్థం. నీ ఫోన్లో అది రాయలేదా?"

"లావెండర్ అయితే నిద్రకంట."

"అది నేను అమ్మలా, నాకు తెలీదు" అనేది అమ్మ నిజాయితీగా.

అమ్మకు తెలిసినవి ఇంకో రకం. ఎర్ర గన్నేరు అమ్మవారికి, తెల్లజిల్లేడు పిళ్ళయార్‌కి, అంటే వినాయకుడికి, మొగలిపువ్వు శివుడికి పనికిరాదు. కట్టని గులాబి రేకులు తట్టల కొద్దీ అడిగారంటే ఆ ఇంట్లో ఎవరో పోయారు, మా మద్రాసులో పాడె ముందు దారంతా రేకులు చల్లుకుంటూ పోతారు. అప్పుడు బేరం ఆడకూడదు, మొహం చూడకూడదు, నీళ్ళు చల్లి ఇచ్చెయ్యాలి. మా నాయన పోయినప్పుడు కూడా ఆ రేకులు అమ్మ తట్టలోంచే తీసుకుపోయారు. పదకొండో రోజున చుట్టాలావిడొకామె అమ్మ జడ వైపు చూసి, "ఇంక పూలు..." అని నసిగింది. అమ్మ ఆమెను కిందికీ మీదికీ చూసి, "ఆయన కట్టింది తాళి. పూలు మా అమ్మ పెట్టింది. ఆయనది ఆయనకిచ్చేసినా, పూలెందుకు తియ్యాల?" అంది. మర్నాడు మూర కనకాంబరాలు పెట్టుకుని అంగట్లో కూర్చుంది. ఆ విషయంలో మా అమ్మను తల్చుకుంటే నాకు ఇప్పటికీ ఛాతీ ఉబ్బుతుంది.

ఇంత మనిషికి కళ్ళు మసకేశాయి.

మొదట్లో దాచింది. సూదిలో దారం నన్ను ఎక్కించమనేది, దారం బాగాలేదనేది. ఒకసారి పెండ్లివాళ్ళకు కట్టిన చేమంతి దండలో నల్లమచ్చ పడిన పూలు కలిసిపోయాయి. వేలికి తగిలే మచ్చలు కావవి, కంటికి కనపడాల్సినవి. పెండ్లికూతురి మేనత్త ఆ దండను గుడి ముందర పైకెత్తి, "మచ్చపూలు పెండ్లికా?" అని తమిళంలో వీధంతా వినిపించేలా అరిచింది. ఆ సాయంత్రమే అమ్మ పీట ఇంటికి తెచ్చేసింది. "పూలమ్మిన చోట కట్టెలమ్మే గతి పట్టకముందే లేచొచ్చినా, సంతోషపడు" అంది నాతో. నేనేం సంతోషపడతాను? ఆ పీట వంటింట్లో ఒక మూల పడి ఉంటే, దాన్ని చూసినప్పుడల్లా నేను మొహం పక్కకు తిప్పుకునేదాన్ని.

తర్వాత ఒకరోజు అమ్మ పాలకని రోడ్డు దాటుతూ ఆటో కింద పడబోయింది. మోకాళ్ళు చీరుకుపోయాయి. ఆటో అతను నాలుగు తిట్లు తిట్టి, తనే లేపి, తనే ఇంటికి తెచ్చి దింపాడు. అప్పుడు నేను బలవంతాన కంటాసుపత్రికి లాక్కుపోయాను. డాక్టరమ్మ చూసి, రెండు కళ్ళలోనూ శుక్లాలే, కుడికన్ను బాగా ముదిరింది, ముందు అది చేద్దాం, ఆలస్యం చేసే కొద్దీ కష్టమవుతుంది, చేయించుకుంటే మళ్ళీ సూదిలో దారం ఎక్కించుకోవచ్చు అని చెప్పింది. అమ్మ అంతా బుద్ధిగా విని, ఇంటికొచ్చి, "నేను చేయించుకోను" అంది.

కారణం ఉంది. మా పెద్దమ్మకు ఎప్పుడో, నేను పుట్టకముందు, కంటికి ఆపరేషను చేశారు. ఆ కన్ను పోయింది. అప్పటి రోజులు వేరు, ఇప్పటి మిషన్లు వేరు అని నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. "ఉన్న మసక చాలు నాకు. నీ మొగం తెలస్తా ఉండాది, అన్నం తెలస్తా ఉండాది, ఇంకేం కావాల?" అనేది. అదిగాక సొంత వైద్యం ఒకటి మొదలుపెట్టింది. మధ్యాహ్నం అన్నం తిని, వెల్లకిలా పడుకుని, రెండు కళ్ళ మీదా రెండు నందివర్ధనం పూలు పెట్టుకునేది. చలవట. నేను బడి నుంచి వచ్చేసరికి తెల్లటి పూలకళ్ళతో గురక పెడుతూ ఉండేది. భయం వేసేది, నవ్వూ వచ్చేది.

నా కూతురికి ఇంకేం కావాలి! విక్కావాళ్ళకు కూడా కళ్ళ పువ్వు ఒకటుందట. ఐబ్రైట్ అని, చలిదేశాల గడ్డిలో పూసే చిట్టిపువ్వట, చూపు తేటపడటానికి వాడతారట. అది మనకు దొరకదు కాబట్టి, నందివర్ధనమే పెట్టి పక్కన ఒక నీలం కొవ్వొత్తి వెలిగించింది. ఆ రోజు గుమ్మంలో నిలబడి చూశాను. ముసలామె కళ్ళ మీద పూలు, తలాపున కొవ్వొత్తి, పక్కన ఈ పిల్ల కళ్ళు మూసుకుని ఏదో గొణుగుతోంది.

"అవ్వ ఇంకా బతికే ఉంది, ఆర్పవే అది!" అని కేక పెట్టాను.

అమ్మ పువ్వులు తియ్యకుండానే, "దాన్నెందుకు తిడతావే? నా కోసరం చేస్తా ఉండాది" అంది.

"నీ కోసం చెయ్యాల్సింది ఆపరేషను! పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు, నువ్వు పెరటి పువ్వుతో శుక్లం పోగొడతావా? రేపు పూర్తిగా కనపడకపోతే ఏం చేస్తావు?"

"నీకు బరువైపోతానని బయమా?"

ఆ మాటకు నాకు ఒళ్ళు మండిపోయింది. ఏమన్నానో గుర్తులేదు, గట్టిగానే అన్నాను. గరిటె ఒకటి గోడకు కొట్టినట్టు గుర్తు. అమ్మ లేచి కూర్చుంది. పూలు ఒళ్ళో పడ్డాయి. కాసేపు వాటినే తడుముతూ ఉండి, "సరి. అమ్మవారి కాడ పూలు వేసి అడుగుదాం. తెల్లది వస్తే చేయించుకుంటా. ఎర్రది వచ్చిందంటే, ఇంక నేను చచ్చేదాకా ఈ మాట నువ్వు ఎత్తకూడదు. ఒప్పుకుంటావా?" అంది.

పూలు వేసి అడగడమంటే మా వీధిలో అందరికీ తెలిసిందే. ఒక తెల్లపువ్వు, ఒక ఎర్రపువ్వు, రెండూ వేరువేరుగా అరటాకులో పొట్లం కడతారు, పైకి ఏది ఏదో తెలియకూడదు. అమ్మవారి పాదాల దగ్గర పెట్టి ఒకటి తీస్తారు. తెల్లదైతే సరేనని, ఎర్రదైతే వద్దని. ఈ గుళ్ళో సంబంధాలు కుదిరాయి, తప్పాయి, ఇళ్ళు కొన్నారు, మానుకున్నారు. వాటికి పూలిచ్చింది మా అమ్మే.

కోపంలో "ఒప్పుకుంటాను, పో!" అనేశాను.

మర్నాడు బడిలో సంధులు చెబుతుంటే తట్టింది, ఏం చేశానో. మా అమ్మ చూపును తీసుకుపోయి సగానికి సగం పందెంలో పెట్టాను! ఎర్రది వస్తే ఇంక ఆమె గోడలు తడుముకుంటూ నడవాలి, నేను నోరు మూసుకుని చూడాలి. మాట తప్పితే ఊరుకునే మనిషి కాదు అమ్మ. పిల్లలు ఏదో అడుగుతున్నారు, నాకు వినపడటం లేదు. గంట కొట్టేలోపు ఒక నిర్ణయానికి వచ్చాను. రెండు పొట్లాల్లోనూ తెల్లపువ్వులే పెట్టాలి.

మోసమే. అమ్మవారి దగ్గర మోసం. తల్లి కాబట్టి ఆమె అర్థం చేసుకుంటుందిలే అనుకున్నాను.

పొట్లాలు కట్టే పని కూతురికి అప్పజెప్పాను. నేను కడితే అమ్మ అనుమానపడుతుంది, మనవరాలైతే కళ్ళు మూసుకుని నమ్ముతుంది. దాన్ని వంటింట్లోకి పిలిచి చెవిలో చెప్పాను. "రెండిట్లోనూ తెల్ల నందివర్ధనమే పెట్టు. అవ్వకు తెలియకూడదు." అది నా వైపు అదోలా చూసి, "సరేమ్మా" అంది. అంత తేలిగ్గా అది నా మాట విన్న రోజు అంతకు ముందు లేదు. నాకు అప్పుడే అనుమానం రావలసింది.

మంగళవారం ఉదయం బడికి సెలవు పెట్టాను. ముగ్గురం తలంట్లు పోసుకుని గుడికి పోయాం. పూజారిగారికి మా అమ్మ నలభై ఏళ్ళుగా తెలుసు. పీట ఎత్తేసిన తర్వాత ఆమె గుడికి రావడం అదే మొదటిసారి. "వాంగమ్మా, వాంగ" అని ఎదురొచ్చి లోపలికి పిలుచుకున్నాడు. అమ్మ ఏం అడగడానికి వచ్చిందో చెప్పింది. తెల్లదైతే ఆపరేషను, ఎర్రదైతే లేదు. ఆయన రెండు పొట్లాలూ పళ్ళెంలో పెట్టి, అమ్మవారి పాదాలకు తాకించి, హారతిచ్చి, కళ్ళు మూసుకుని పళ్ళెం మూడుసార్లు తిప్పాడు.

"ఎవరు తీస్తారు?"

"నా కన్ను, నేనే తీస్తా" అంది అమ్మ.

నేను అమ్మ ఎడమచెయ్యి పట్టుకుని ఉన్నాను. కుడిచేత్తో పళ్ళెమంతా తడిమి, ఒక పొట్లం తీసి, "నువ్వే విప్పు, నాకు మసగ్గా ఉండాది" అని నాకిచ్చింది. నేను హాయిగా నార లాగాను. ఏది తీసినా తెల్లదే కదా.

లోపల ఎర్ర గులాబి.

మొగ్గ కూడా కాదు, రెక్క విచ్చిన నిండు నాటుగులాబి. కూతురి వైపు చూశాను. దాని మొహం పాలిపోయింది. పూజారిగారు పువ్వును చూశాడు, నన్ను చూశాడు. అమ్మ మొహం పైకెత్తి, "ఏందే? చెప్పవేం?" అంది.

"తెల్లది!" అన్నాను.

నా గొంతు నాకే వినపడలేదు. మళ్ళీ గట్టిగా, "తెల్లది వచ్చిందమ్మా!" అన్నాను. నా కూతురు నోరు తెరిచింది. దాని చెయ్యి పట్టుకుని గిల్లాను, బాగా గిల్లాను. ఇక పూజారిగారు మిగిలాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు గదా. ఆ రోజు మా గుళ్ళో తారుమారైంది. ఆయన గొంతు సవరించుకుని, గర్భగుడి వైపు తిరిగిపోయి, గోడతో చెప్పినట్టు, "వెళ్ళై దాన్ అమ్మా, తెల్లదే" అన్నాడు.

"ఇటియ్యి" అని అమ్మ చెయ్యి చాచింది.

ఇచ్చి, ఆమె మోచెయ్యి పట్టుకున్నాను. ఆమె దాన్ని దోసిట్లో పెట్టుకుని, మొహం దగ్గరికి తీసుకుని, కళ్ళకద్దుకుంది. తర్వాత గుప్పిలి మూసి, "సరి. డాక్టరమ్మకు చెప్పు, వస్తానని" అంది.

గుడి బయటికి వచ్చి పది అడుగులు నడిచాక నాకు వెలిగింది. గులాబి వాసన! అమ్మ గుప్పిట్లోంచి గుప్పుమని వీధంతా కొడుతోంది. జలుబు చేసినవాడికి కూడా తెలిసిపోతుంది. నలభై ఏళ్ళు పూలు కట్టిన మనిషి, చీకట్లో కూడా వేలితో తాకి ఇది ఏ ఊరి మల్లె అని చెప్పే మనిషి, దోసిట్లో గులాబిని పెట్టుకుని తెల్లదనుకుంటుందా? నేను అమ్మ మొహం చూశాను. ఆమె తన మామూలు నడకతో, నా చెయ్యి పట్టుకుని, ఎండ మొదలైందని గొణుక్కుంటూ నడుస్తోంది.

ఇంటికి రాగానే కూతుర్ని మేడ మీదికి ఈడ్చుకుపోయాను.

"రెండూ తెల్లవి పెట్టమన్నానా లేదా?"

"మోసం చెయ్యకూడదమ్మా. మనం ఏది చేస్తే అది మూడింతలై మనకే తిరిగొస్తుంది. విక్కాలో అది మొదటి సూత్రం." కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి దానికి. "నేను ముందురోజు కొవ్వొత్తి వెలిగించి దణ్ణం పెట్టుకున్నా, తెల్లదే వస్తుందనుకున్నా."

"ఆ గులాబి ఎక్కడిదే? అందరూ పెట్టే గన్నేరు పెడితే వాసనైనా ఉండదు గదా!"

"గన్నేరు విషం. ప్రమాదమని అర్థం. అవ్వకు అలాంటిది ఎట్ట ఇస్తాను? అందుకే ఎర్రదానికి గులాబి పెట్టా. అది ప్రేమ. తెల్లదానికి మల్లె. ఏది వచ్చినా అవ్వకు మంచిదే రావాలని..."

ఈ పిల్లను తిట్టాలో, ముద్దు పెట్టుకోవాలో తెలియలేదు. చివరికి, "గిల్లినచోట కొబ్బరినూనె రాసుకో" అని చెప్పి కిందికి దిగొచ్చాను.

ఆపరేషనుకు పద్దెనిమిది రోజులు టైమిచ్చారు. ఆ పద్దెనిమిది రోజులూ నాకు ముద్ద దిగలేదు. అమ్మకు తెలుసా, తెలియదా? తెలిస్తే ఎందుకు ఊరుకుంది? ఆఖరి నిమిషంలో "నువ్వు అబద్ధమాడినావు, నేను రాను" అంటుందా? రక్తపరీక్షకు రమ్మంటే వచ్చింది. చక్కెర చూశారు, బీపీ చూశారు, అన్నిటికీ చెయ్యి చాచింది. నందివర్ధనం పూలు పెట్టుకోవడం మాత్రం మానలేదు. ఎప్పుడైనా నేను "అమ్మా, ఆ రోజు..." అని మొదలుపెడితే, "పప్పు మాడతా ఉండాది చూడు" అనేది. నిజంగానే మాడుతూ ఉండేది.

ఆపరేషను రోజు ఆటో ఎక్కేటప్పుడు కాలు వెనక్కి తీసింది. అయిపోయింది అనుకున్నాను. తల వంచి లోపలికి చూసి, "నీళ్ళ సీసా మర్చిపోయినావే" అంది, అంతే. ఆసుపత్రిలో నర్సు పిల్ల వచ్చి జడలో కనకాంబరాలు తీసెయ్యాలంది. అమ్మ ససేమిరా అంది. "పూలు తియ్యాలంటే నా కన్ను నాకుండనీ, ఇంటికి పోతా." నర్సు బతిమాలింది, నేను కసిరాను, డాక్టరమ్మ వచ్చి నవ్వింది. చివరికి అమ్మే తీసి, మనవరాలిని దగ్గరికి పిలిచి దాని పొట్టిజుట్టులో ఎలాగో గుచ్చి, "నేను వచ్చేదాకా తియ్యబాక" అని చెప్పి, లోపలికి నడిచింది. తలుపు మూశారు. నా కూతురు నా భుజం మీద తల పెట్టుకుని ఏదో గొణుగుతుంటే, "నా కోసం కూడా ఒకటి చదువు" అన్నాను.

మర్నాడు కట్టు విప్పారు. డాక్టరమ్మ తన చెయ్యి ఎత్తి చూపించి, "పాటీ" అని తమిళంలో అవ్వను పిలిచి, "ఎన్ని వేళ్ళు?" అని అడిగింది.

అమ్మ కన్ను చికిలించింది. రెప్పలు రెండుసార్లు కొట్టింది.

"ఐదు" అంది. "గోళ్ళకు రంగేసినారు. బొటనేలిది ఊడిపోయింది, మళ్ళా వేసుకోండి."

గదంతా ఒకటే నవ్వు. నా కూతురు ఎగిరి గంతేసింది. అమ్మ మెల్లగా నా వైపు తిరిగింది. చూస్తూ ఉండిపోయింది. "ఏమ్మే, నీకు ఇన్ని తెల్లెంట్రుకలు ఎప్పుడొచ్చినాయి? నా కంటే ముసిలిదాని మాదిరి అయిపోయినావే!" అంది. ఇంకొకరంటే ఊరుకునేదాన్ని కాదు. ఆ రోజు ఆ మాట నాకు పట్టుచీర పెట్టినంత సంతోషమైంది.

ఇంటికొచ్చాక మొదలైంది అసలు పండగ. ఫ్యాను రెక్కల మీద దుమ్మని, బాల్చీలో పాకుడని, గ్యాసు పొయ్యి వెనక నూనె జిడ్డని, ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపించింది. "ఇన్నాళ్ళూ ఈ చెత్తలోనా నాకు అన్నం పెట్టినావు?" అని అడిగింది. నా కూతురు నవ్వలేక కడుపు పట్టుకుంది. "మూడింతలై తిరిగొస్తుందని చెప్పానా లేదా?" అంది నాతో. నేను పాత గుడ్డ తీసుకుని ఫ్యాను తుడిచాను.

వారం పదిరోజులు గడిచాక, ఒక సాయంత్రం అమ్మ వాకిట్లో కూర్చుని మల్లెమొగ్గలు కడుతోంది. వంగకూడదు, నీళ్ళు తగలకూడదు అన్నారు గానీ పూలు కట్టకూడదని ఎవరూ అనలేదుగా అంది. నల్లద్దాలు ముక్కు మీదికి జారిపోతున్నాయి. పిల్ల కాలేజీ నుంచి రాలేదు. ఇంక నా వల్ల కాలేదు. పక్కన కూర్చుని చెప్పేశాను.

"అమ్మా, ఆ రోజు గుళ్ళో వచ్చింది తెల్లది కాదు."

"గులాబి" అంది అమ్మ, మొగ్గ ముడేస్తూ. "నాటుది. అంత మంచి పువ్వు ఈ పిల్లకు యాడ దొరికిందో!"

"తెలిసి ఎందుకొప్పుకున్నావు? ఎర్రది వస్తే వద్దని నువ్వే అన్నావు. అమ్మవారే వద్దంది."

అమ్మ చేతిలో దారం ఆగింది. "ఆఁ, వద్దనింది. నాకు గూడా ప్రాణం లేచొచ్చినట్టే ఉండింది. అమ్మయ్య, ఇంక కత్తి లేదు, కట్టు లేదు, ఇంటికి పోయి పడుకోవచ్చు అనుకున్నా."

"మరి?"

"మరి నువ్వు నా చెయ్యి పట్టుకోని ఉండావే. గడగడా వణకతా ఉండావు. చిన్నప్పుడు టీకా వేస్తారని బడి నుంచి పారిపోయి వచ్చి నా పీట వెనక దూరినావు చూడు, అప్పుడు గూడా అంత వణకలా. సరి, నా బయం సంగతి తర్వాత చూసుకుందాం, ముందు ఈ బిడ్డకు బయం పోవాల గదా అనుకున్నా."

నాకు యాభై ఒక్క ఏళ్ళు. బడిలో నేను వరండాలో నడిస్తే ఏడో తరగతి వరకూ నిశ్శబ్దమైపోతుంది. అలాంటి నేను మా అమ్మ భుజానికి మొహం ఆనించి, పూలన్నీ చెదిరిపోయేలా వెక్కి వెక్కి ఏడ్చాను. అమ్మ కాసేపు వీపు నిమిరింది. తర్వాత నా గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి, నల్లద్దాలు నుదుటి మీదికి తోసి, ఆ కొత్త కంటితో దగ్గరగా చూసింది.

"చాల్లే. ముక్కు తుడుచుకో ముందు. ఇప్పుడు నాకు అన్నీ కనపడతాయి" అంది.